షెల్టర్ కుక్కను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి

షెల్టర్ గేటు తీయగానే బోను ఊచలకు ముందుకాళ్లు ఆనించి ఎగిరెగిరి పిలిచే కుక్క మీదే అందరి కళ్లూ పడతాయి. దాని వెనక మూలన పడుకుని, తల మాత్రం ఎత్తి మనల్ని చూసి, తోకను ఒకసారి నేలకేసి కొట్టి ఊరుకునే కుక్కను ఎవరూ అడగరు. నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్లలో గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్లకు చాలాసార్లు ఆ రెండోదే నప్పుతుంది. తెచ్చిన నెలకే కుక్కను వెనక్కి ఇచ్చేవాళ్లలో "అది చెడ్డకుక్క" అనేవాళ్లు తక్కువ, "మా ఇంట్లో కుదరలేదు" అనేవాళ్లే ఎక్కువ. అందుకే షెల్టర్‌కు బయల్దేరేముందు ఇంటిని ఒకసారి చూసుకోవాలి.

పొద్దున అరగంట, సాయంత్రం అరగంట కుక్కను నడిపించే మనిషి ఎవరో పేరుతో సహా తేల్చుకోండి. "పిల్లలు చూసుకుంటారులే" అన్నమాట లెక్కలోకి రాదు. పరీక్షలు దగ్గరపడగానే ఆ పని అమ్మ మీదో తాతయ్య మీదో పడుతుంది. అలా పడేటట్టుంటే వాళ్లు తాడు పట్టుకుని ఆపగలిగిన కుక్కనే ఎంచుకోవాలి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లోనైనా ఒక ముక్క రాయించుకోండి. గేటు కింద సందు చూడండి. కుక్క తల దూరిందంటే ఒళ్లంతా దూరుతుంది. ప్రహరీ గోడ పక్కన నీళ్ల డ్రమ్ము, ఇటుకల కుప్ప ఉంటే తీసేయండి, నాటుకుక్క వాటిని మెట్లలా వాడుకుంటుంది. మిద్దె మీద కట్టేద్దామనే ఆలోచన ఉంటే మాత్రం కుక్క వద్దు. మే నెలలో ఒంగోలు, పొదిలి, కనిగిరి వైపు మిట్టమధ్యాహ్నం మిద్దె నేల మీద చెయ్యి అయిదు సెకన్లు ఆనించలేం. అక్కడ రేకుల కింద కట్టేసిన కుక్కకు వడదెబ్బ తగిలి ప్రాణం పోతుంది. కుక్క పడుకునేది మనం పడుకునే గాలి, నీడల్లోనే.

కుక్కపిల్లా, పెద్దకుక్కా?

కుక్కలు జతకట్టే చిత్తకార్తె అక్టోబరు రెండోవారంలో వస్తుంది. కుక్క చూలు దాదాపు 63 రోజులు. అంటే డిసెంబరు నెలాఖరుకు వీధివీధినా పిల్లలు పుడతాయి, సంక్రాంతికి బొద్దుగా తయారవుతాయి, షెల్టర్లు నిండుతాయి. సరిగ్గా అప్పుడే పండగకు ఇంటికి వచ్చిన మన పిల్లలు ముచ్చటపడి నాలుగైదు వారాల పిల్లను చొక్కాలో పెట్టుకుని తెస్తారు. అది తప్పు. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి, తోబుట్టువుల నుంచి విడదీస్తే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో దానికి తెలియదు. తోడుపిల్లలు కుయ్యిమంటే వదిలేయాలన్న పాఠం వాటి దగ్గరే నేర్చుకుంటుంది. డిసెంబరు పిల్లలకు ఆ ఎనిమిది వారాలు ఫిబ్రవరి రెండోసగంలో నిండుతాయి. అప్పటిదాకా షెల్టర్‌లో పేరు రాయించి ఉంచండి, మధ్యలో వెళ్లి చూస్తుండండి.

పిల్లను తెస్తే మొదటి రెండు నెలలు రెండు మూడు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి, రాత్రి కనీసం ఒకసారి లేవాలి. నాలుగో నెల నుంచి పళ్లు మారతాయి, చెప్పుల దగ్గర్నుంచి మంచం కోళ్ల దాకా కొరుకుతుంది. పెద్దయ్యాక ఎంత సైజు, ఎలాంటి స్వభావం అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేరు. నాలుగు నెలలప్పటి బరువును రెట్టింపు చేస్తే సుమారుగా పెద్దప్పటి బరువు వస్తుందన్నది పనికొచ్చే లెక్కే గాని, ఖాయం కాదు.

పగలు ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇంటికి, పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి, మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు మా సలహా ఒక్కటే: ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల మధ్య వయసున్న, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్క. దాని సైజు అంతే, స్వభావం కళ్లముందే ఉంది. "పెద్దకుక్క అలవాటు పడదు" అన్న భయం ఇక్కడ చాలామందికి ఉంది. అన్నం పెట్టి, రోజూ ఒకే వేళకు నడిపించి, కొట్టకుండా చూసుకుంటే వీధికుక్క కూడా కొన్ని వారాల్లో ఆ ఇంటి కుక్కే అవుతుంది.

"ఇది ల్యాబ్ క్రాసు, అది జర్మన్ షెపర్డ్ క్రాసు" అన్న మాటల్ని పట్టించుకోవద్దు. చెవి వాలితే ల్యాబ్, బొచ్చుంటే పామేరియన్ అని ఊహించడమే తప్ప, చూపుతో జాతి చెబితే చాలాసార్లు తప్పుతుంది. జాతిపేరు కన్నా వెంట్రుకల మందం మీకు ఎక్కువ పనికొస్తుంది. పొట్టి వెంట్రుకల నాటుకుక్క మన ఎండకు తట్టుకుంటుంది, పిడుదులు పడితే వేలికి తగులుతాయి. బొచ్చు క్రాసుకు వారానికి మూడుసార్లు దువ్వెన తప్పదు. లేకపోతే ఈశాన్య రుతుపవనాల వానల్లో ఒళ్లు ఆరక వెంట్రుకల కింద చర్మం పాచిపోయి వాసన వేస్తుంది.

షెల్టర్‌లో మొదటిరోజు

పొద్దున 7 నుంచి 9 మధ్య వెళ్లండి. ఎండెక్కాక అన్ని కుక్కలూ నాలుక చాపి పడుకుంటాయి, ఏది నెమ్మదస్తురాలో ఏది నీరసంగా ఉందో తేడా తెలియదు. వెళ్లగానే ఒక్క కుక్కనూ ముట్టుకోకుండా, పది అడుగుల దూరంలో అయిదు నిమిషాలు నిలబడి చూడండి. పక్క బోను కుక్క అరిస్తే ఇదేం చేస్తోంది? పనిమనిషి చీపురుతో వస్తే వెనక్కి నక్కుతోందా, పక్కకు తప్పుకుంటోందా? బోను కడిగి తిండిపెట్టే ఆ మనిషితో మాట్లాడటం అన్నిటికన్నా ముఖ్యం. ఆఫీసులో కూర్చున్నవాళ్లు చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి. ఎక్కడినుంచి వచ్చింది, ఎన్ని రోజులైంది, ఎవరినైనా కరిచిందా, రాత్రి అరుస్తుందా, ఎవరైనా తీసుకెళ్లి మళ్లీ తెచ్చి వదిలారా అని అడగండి.

నచ్చిన కుక్కను బోనులోంచి బయటికి తెప్పించండి. బోనులోని కుక్కకు, బయటి కుక్కకు పోలిక ఉండదు. లోపల ఊచలు విరగ్గొట్టేలా అరిచింది బయటికి రాగానే కాళ్ల దగ్గర చేరుతుంది. మీరు దానికి ఎదురుగా నిలబడి మీదికి వంగొద్దు. పక్కకు తిరిగి నేలమీద కూర్చోండి, చెయ్యి మోకాలి మీద వదిలేయండి, కళ్లలోకి చూడొద్దు. దగ్గరికి రావడానికి నిమిషం పట్టినా, అయిదు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. వచ్చి వాసన చూశాక, మెడ కింద రొమ్ము దగ్గర మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇప్పుడు చూడాలి. ఇంకాస్త నిమరమన్నట్టు ముక్కుతో చేతిని ఎత్తితే, ఒంటిని మీకు ఆనిస్తే అది మనుషులు కావాలనుకునే కుక్క. అక్కడే నిలబడి దిక్కులు చూస్తే ఇంకా నమ్మకం కుదరలేదని. పెదాలు నాకుతూ, ఆవులిస్తూ, తల అటు తిప్పుకుని తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తే భయపడుతోందని. ఒళ్లంతా బిగదీసి, నోరు మూసి, కదలకుండా నిలబడిపోతే చెయ్యి వెనక్కి తీసుకుని పక్కకు జరగండి, గుర్రుమనడానికి ముందు మెట్టు అదే. తోక ఊగుతోంది కదా అని మోసపోవద్దు. నడుముతో సహా మెత్తగా ఊగే తోక వేరు, నిటారుగా నిలబెట్టి కొసమాత్రం టకటకా కొట్టే తోక వేరు.

తర్వాత చెవి, పంజా, తోకమొదలు ఒక్కొక్కటి రెండు సెకన్లు పట్టుకుని వదలండి. రేపు పిడుదులు తీసేది, గోళ్లు కత్తిరించేది మీరే. కాలు వెనక్కి లాక్కుంటే సరే, తల తిప్పి చేతిమీద పళ్లు ఆనిస్తే చిన్నపిల్లలున్న ఇంటికి ఆ కుక్క ఇప్పుడే వద్దు. పది అడుగుల దూరంలో తాళంచెవుల గుత్తి కింద పడేయండి. ఉలిక్కిపడటం మామూలే, ఎంతసేపట్లో తేరుకుందన్నదే లెక్క. పది సెకన్లలో వచ్చి గుత్తిని వాసన చూసిందంటే దీపావళి గండం గడుస్తుంది. మూలకు పోయి పది నిమిషాలైనా వణుకుతుంటే దానికి ఓపికున్న ఇల్లు కావాలి.

చివరగా తాడు కట్టి గేటు బయట పది నిమిషాలు నడిపించండి. బండ్లు, ఆటోలు వెళ్తుంటే ఏం చేస్తుందో చూడండి. పల్లెలో ఉండేవాళ్లు ఇంకొకటి తప్పక చూడాలి. నెల్లూరు గొర్రెల మందలు పొద్దున్నే వీధెంట నడిచే ఊళ్లలో, కోళ్లు వాకిట్లో తిరిగే ఇళ్లలో, తరిమే అలవాటున్న కుక్క ఒక్క కోడిని పట్టిందంటే ఊరంతా దానిమీదే పడుతుంది. ముప్పై అడుగుల దూరంలో మేకనో కోడినో చూసినప్పుడు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పిందంటే నేర్పుకోవచ్చు. చెవులు నిక్కించి, ఒళ్లు వంచి, పిలుపు వినబడనట్టు నిలబడితే పట్నంలో ఇంటికి ఇవ్వమనండి. రొయ్యల గుంటల కట్టమీద కాపలాకు కట్టేస్తామని షెల్టర్ కుక్కను అడగొద్దు. నీడ లేని కట్టమీద ఒంటరిగా ఉండటం దానికి శిక్ష. పైగా కుక్కలు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు జబ్బు మోస్తాయని రైతులే కంచెలు వేసుకుంటారు.

షెల్టర్‌లో అన్నం గిన్నె దగ్గర గుర్రుమందని మాత్రం వెంటనే వద్దనుకోకండి. పది కుక్కలు ఒకేచోట తినే దగ్గర గిన్నె కాపాడుకోవడం బతుకుతెరువు. ఇంట్లో ఒంటరిగా, వేళకు పెడితే చాలా కుక్కలు ఆ పని మానేస్తాయి. పసిపిల్లలున్న ఇల్లయితే ఆ తెగింపు చేయకండి.

ఒంటిని ముక్కు నుంచి తోక దాకా

కళ్లలో పసుపు పుసి, ముక్కులో చిక్కటి చీమిడి, దగ్గు ఒకేసారి ఉంటే డిస్టెంపర్ అనే అంటుజబ్బును అనుమానించాలి. అది తగ్గాక కూడా దవడో, ఒక కాలో నిద్రలో సైతం ఒకే తాళంలో అదురుతుంటుంది. ఆ అదురు చాలా కుక్కలకు జీవితాంతం ఉండిపోతుంది. పెదవి పైకెత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయి ఉంటే కారణం కడుపులో కొంకిపురుగులో, పిడుదుల జ్వరమో అయివుంటుంది. మన జిల్లాల్లో పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి, కొందరు గోమార్లంటారు. చెవి లోపల, కాలివేళ్ల సందుల్లో, బెల్టు కింద వెతకండి. పిడుదులు కనబడితే ఆ కుక్కను వద్దనక్కర్లేదు, రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు చూడమనండి. ముక్కునుంచి రక్తం కారడం, పొట్టమీద ఎర్రని చుక్కలు పిడుదుల జ్వరం ముదిరిందనడానికి గుర్తులు. ఎర్లీకియా అనే క్రిమితో వచ్చే రకానికి డాక్సీసైక్లిన్ మాత్రలు దాదాపు నాలుగు వారాలు వాడిస్తారు. మూడోరోజుకే కుక్క హుషారైందని ఆపేస్తే జ్వరం తిరగబెడుతుంది.

వెంట్రుకలు ఊడిన గజ్జి చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. నిజానికి నయమయ్యే జబ్బుల్లో అదొకటి. ఒక రకం మనకూ అంటి దురద పెడుతుంది కాబట్టి మందు మొదలుపెట్టి తగ్గుముఖం పట్టాక తీసుకెళ్లండి. వేపనూనె, గంధకం, కాలిన ఇంజన్ ఆయిలు పూయొద్దు. కుక్క ఒళ్లు నాకుతుంది, ఇంజన్ ఆయిలు దాని కడుపులోకి పోయి విషమవుతుంది.

తోక ఎత్తి వెనక్కి చూడటానికి మొహమాటపడకండి. మూత్రం వచ్చేచోట రక్తపు చుక్కలు, గోబీపువ్వు లాంటి కండ కనబడితే అది జత కట్టినప్పుడు అంటుకునే గడ్డ, వీధికుక్కల్లో సాధారణం. విన్‌క్రిస్టిన్ అనే మందును వారానికోసారి, మామూలుగా నాలుగు నుంచి ఆరుసార్లు ఎక్కిస్తారు. చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. వైద్యం పూర్తయ్యేదాకా షెల్టర్‌లోనే ఉంచమనండి.

నడుస్తుంటే వెనకనుంచి చూడండి. జాతీయ రహదారి పక్క ఊళ్లలో పట్టిన కుక్కల్లో పాత దెబ్బలు మామూలే. కాలు వంకరగా అతుక్కున్నా నొప్పి లేకుండా నడుస్తుంటే దానివల్ల ఇబ్బంది లేదు. మూడుకాళ్ల కుక్కలు కూడా బాగా బతుకుతాయి, వాటికి మెట్లు తక్కువున్న ఇల్లు చాలు.

వయసు పళ్లలో తెలుస్తుంది. ఆరేడు నెలలకు పెద్దపళ్లు 42 వచ్చేస్తాయి. తెల్లగా పదునుగా ఉంటే ఏడాది లోపు, వెనకపళ్ల మీద పసుపు పాచి మొదలైతే రెండు మూడేళ్లు, ముందుపళ్లు అరిగి మొద్దుబారితే అయిదు దాటింది. రాళ్లు, ఎముకలు కొరికిన వీధికుక్క పళ్లు త్వరగా అరుగుతాయి గనుక ఒకటి రెండేళ్లు అటూఇటూ వేసుకోండి.

కాగితాలు

టీకా కార్డు మీద మందుసీసా స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం మూడూ ఉండాలి. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి కంబైన్డ్ టీకా (పలు జబ్బులకు కలిపి వేసేది), తర్వాత 16 వారాల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. "ఒక సూది వేశాం" అంటే రక్షణ వచ్చినట్టు కాదు. ఎలుకమూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఆ టీకాలో ఉందో లేదో అడగండి. కోవూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు వరిమడులు, గుంటల నీళ్లలో తిరిగే కుక్కకు ఏటా వానలకు ముందే, సెప్టెంబరులో వేయించడం మేలు.

చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిందని గుర్తు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు కుక్కకు టీకాలు, నులిపురుగుల మందు వేయించే బాధ్యత యజమానిదే. వీధికుక్కను దత్తత తీసుకోదలచినవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చనీ, తీసుకున్నాక అది తిరిగి వీధిన పడకుండా చూడాల్సింది వాళ్లేననీ సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. షెల్టర్ ఇచ్చే దత్తత పత్రంలో, కుదరకపోతే వెనక్కి తీసుకుంటామన్న మాట ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

మొదటిసారి చూసినరోజే తేవద్దు. రెండు మూడు రోజుల తర్వాత సాయంత్రంపూట ఇంట్లో అందరూ కలిసి వెళ్లండి. ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే షెల్టర్‌లోకి తీసుకెళ్లకుండా, బయట ఖాళీ రోడ్డుమీద రెండింటినీ పదిహేను అడుగుల దూరంలో ఒకే దిక్కుకు నడిపించి, ఒకదాన్నొకటి ఎలా చూస్తున్నాయో గమనించండి. దగ్గర చేయడం తెచ్చాక 14 రోజులు దాటాకే.

తెచ్చిన తర్వాత

ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టొద్దు, కక్కుతుంది. బైకు మీద వద్దు, ఆటోనో కారో మాట్లాడుకోండి. మెడకు బెల్టు, ఛాతీకి హార్నెస్ రెండూ వేసి రెండింటికీ తాడు తగిలించండి. కొత్తకుక్క తప్పిపోయేది ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే, అదీ ఆటో దిగేటప్పుడో, పాలబ్బాయికి గేటు తీసినప్పుడో. భయపడ్డ కుక్క తల వెనక్కి లాగితే ఒక్క బెల్టు జారిపోతుంది.

నెత్తుటి విరేచనాలు తెచ్చే పార్వో అనే అంటుజబ్బు సోకాక మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది, డిస్టెంపర్‌కు రెండు వారాలు కూడా పట్టవచ్చు. అందుకని కొత్తకుక్కను 14 రోజులు ఇంట్లోని వేరే కుక్కలతో కలపకండి. వాంతులు, నెత్తుటి విరేచనాలు, తిండి మానేయడం కనబడితే ఆరోజే పశువుల ఆసుపత్రికి వెళ్లాలి, పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే నీరు పోయి చనిపోతాయి. పెద్ద వైద్యం అవసరమైతే నెల్లూరు వాళ్లకు తిరుపతి పశువైద్య కళాశాల, ఒంగోలు వాళ్లకు గన్నవరం కళాశాల ఉన్నాయి. పార్వోతో కుక్కపిల్ల పోయిన ఇంట్లో ఆ క్రిమి నెలల తరబడి ఉంటుంది. ఒక పాలు బ్లీచు ద్రావణానికి ముప్పై పాళ్ల నీళ్లు కలిపి నేలను తడిపి పది నిమిషాలు ఉంచి కడగండి. టీకాలన్నీ పూర్తికాని పిల్లను ఆ ఇంటికి తేవద్దు.

15 కిలోల పెద్దకుక్కకు రోజుకు ఉడికిన అన్నం 300 గ్రాములు, ఎముకలు తీసిన కోడిమాంసం 150 గ్రాములు, ఒకటి రెండు గుడ్లు, రెండు పూటలుగా సరిపోతాయి. ఒట్టి పెరుగన్నం మీద పెంచిన కుక్కపిల్లలకు కాల్షియం, మాంసకృత్తులు చాలక ముందుకాళ్లు విల్లులా వంగుతాయి. వాటికి కుక్కపిల్లల కోసం తయారుచేసిన డ్రైఫుడ్ పెట్టండి, లేదా డాక్టరు చెప్పిన కాల్షియం కలపండి. మిగిలిన చేపల పులుసు అన్నం పెట్టొద్దు. ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది, ఉల్లిపాయ కుక్క రక్తకణాలను చంపుతుంది.

మొదటి మూడు రోజులు చుట్టాలను పిలవకండి, స్నానం చేయించకండి. ఒక మూల గోనెపట్టా, నీళ్లగిన్నె పెట్టి దాని మానాన దాన్ని వదిలేయండి. తినకుండా మంచం కింద దూరితే లాగొద్దు, అన్నం దూరంగా పెట్టి గది దాటి రండి. ఒక్కరోజు తినకపోవడం పెద్దకుక్కకు మామూలే, రెండోరోజూ ముట్టకపోతే డాక్టరుకు చూపించండి. కుక్క తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి వెళ్లనీయొద్దు. పన్ను గీరుకున్నా ఆ చోటును సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. కుక్కకు కార్డు ఉందని ఆగొద్దు. దీపావళి రెండు వారాల్లో ఉందంటే తేవడం పండగ దాటాకే పెట్టుకోండి. టపాసులకు బెదిరి పారిపోయిన కొత్తకుక్కకు తిరిగి రావడానికి మీ వీధి ఇంకా తెలియదు.